మొండి తాటిచెట్టే దాని ఇల్లు

దసరా నాడు జమ్మికి పోయేటప్పుడు మా రాజంపేట వైపు అందరి కళ్లూ కరెంటు తీగల మీదే ఉంటాయి. పాలపిట్ట కనిపిస్తే ఏడాదంతా శుభమని నమ్మకం. కామారెడ్డి జిల్లా పుట్టింది కూడా 2016 దసరా నాడే. మరి మిగతా రోజుల్లో ఈ పిట్టను పట్టించుకునేదెవరు?

పాలపిట్ట మైనా కంటే కొంచెం పెద్దది. వాలి ఉన్నప్పుడు మట్టిరంగు వీపు, గోధుమవన్నె ఛాతీతో సాదాగానే కనిపిస్తుంది. రెక్క విప్పిందా, ముదురు నీలం, లేత నీలం పట్టీలు తళుక్కుమంటాయి. ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘బ్లూ జే’ అన్నారు గానీ, కాకి కుటుంబానికి చెందిన అసలు జే పక్షులతో దీనికి చుట్టరికం లేదు. దీని బంధువులు లకుముకి పిట్టలు. రూపం ఇంత అందమా, గొంతు మాత్రం బొంగురు!

దట్టమైన అడవి దీనికి పడదు. చెలకలు, బీళ్లు, చెట్లున్న గట్లు కావాలి. తీగ మీద కూర్చుని, కింద మిడత కదిలితే చాలు, దిగి పట్టేస్తుంది. పేడపురుగులు, బల్లులు, తేళ్లు కూడా దీనికి ఆహారమే. రైతుకు కూలి అడగని పాలేరన్నమాట.

ఎండాకాలం వస్తే జత కడతాయి. మగపిట్ట పైకెగిరి, అరుస్తూ, పల్టీలు కొడుతూ కిందికి జారుతుంది. గూడు అల్లడం గానీ, చెట్టు తొలవడం గానీ వీటికి చేతకాదు. దొరికిన తొర్రలోనే మూడు నుంచి అయిదు తెల్లని గుడ్లు పెడతాయి. పొదగడం, మేత తేవడం ఇద్దరి పనీ.

మా చెలక గట్టున పిడుగుపాటుకు తల పోయిన తాటిచెట్టు ఒకటి ఉండేది. కొట్టేద్దామని ఎవరైనా అంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. ‘‘మనకు మొద్దే, దానికి ఇల్లు’’ అనేవాడు.

2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అయినా 2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక, పన్నెండేళ్లలో వీటి సంఖ్య సుమారు 30 శాతం తగ్గిందని చెప్పింది. పురుగుమందు కొడితే మిడత పోతుంది, గట్టు చదును చేస్తే తొర్ర పోతుంది. పైగా పండగకు ముందు వీటిని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులకు చూపించేవాళ్లూ ఉన్నారు. అది చట్టరీత్యా నేరం. ఆకలితో వణికే పిట్టను చూస్తే పుణ్యమెలా వస్తుంది?

గట్టు మీద మొండిచెట్టును కొట్టే ముందు కాసేపు దూరంగా నిలబడి చూడండి. ముక్కున మిడతతో పాలపిట్ట తొర్రలో దూరిందంటే, గొడ్డలి పక్కన పెట్టేయండి.