బెజవాడ ఎన్ని గంటల్లో వెళ్తాం అన్నా?

కారెక్కిన వాళ్లు సీటుబెల్టు కన్నా ముందు అడిగే ప్రశ్న ఇది. ఎల్బీనగర్ కూడా దాటం, అప్పుడే మొదలు. స్టీరింగ్ పట్టి ముప్పై ఏళ్లు దాటింది, నా జవాబు మాత్రం మారలేదు: "దూరం 275 కిలోమీటర్లు. టైమ్ సంగతి రోడ్డు చెబుతుంది బాబూ."

మాది నందిగామ పక్కన పల్లెటూరు. ఉండేది వనస్థలిపురంలో. అంటే ఈ రోడ్డుకి ఒక కొసన మా అమ్మ, ఇంకో కొసన నా ఇంటి ఈఎంఐ. నేను బండెక్కిన కొత్తలో దీన్ని ఎన్‌హెచ్ 9 అనేవాళ్లం. ఇప్పుడు ఎన్‌హెచ్ 65. అప్పుడు రెండు లేన్లు, ఇప్పుడు నాలుగు. నంబర్ ప్లేట్లూ అంతే. ఏపీ చూశా, 2014లో టీఎస్ చూశా, 2024లో టీజీ చూశా. ప్లేట్లు మారాయి గానీ, సిగ్నల్ పచ్చ పడకముందే వెనక హారన్ కొట్టేవాడు మాత్రం మారలేదు.

అంబాసిడర్ అనే గురువు

నాకు డ్రైవింగ్ నేర్పింది ఒక పాత అంబాసిడర్. గేరు స్టీరింగ్ పక్కన కాడలా ఉండేది. ముందు సీటు బల్లలాగా ఒకటే. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ సీట్లోనే నలుగురు, వాళ్లలో నేనూ ఒకణ్ణి. సగం సీటు మీద, సగం డోరు మీద ఆనుకుని నడిపేవాణ్ణి. ఎండాకాలం నార్కట్‌పల్లి వచ్చేసరికి రేడియేటర్ పొగలు కక్కేది. బానెట్ ఎత్తి, చెట్టు కింద కూర్చుని, అది చల్లారేదాకా పెళ్లివారి గొడవలు వినేవాళ్లం.

మారుతి 800 వచ్చాక మధ్యతరగతికి కారు చేతికందింది. చిత్రమేంటంటే ఈ రెండు బండ్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పటి కార్లు రేడియేటర్ పొగలు కక్కవు, మాట్లాడతాయి. బెల్టు పెట్టుకో అంటాయి, డోరు సరిగ్గా వేయి అంటాయి, లేన్ తప్పావు అంటాయి. మా అమ్మ కూడా నాకు ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు. ఒక్కటి ఒప్పుకోవాలి. వాటిలో సగం మాటలు నిజమే.

షోరూమ్ కాఫీ ఖరీదు

పోయినేడు మా అమ్మాయి ఉద్యోగం డబ్బులతో మొదటి కారు కొంది. తోడుగా నన్ను తీసుకెళ్లింది. షోరూమ్‌లో అడుగుపెట్టగానే "సార్, కాఫీయా టీయా?" అన్నారు. ఈ హైవే మీద నేను తాగిన అన్ని కాఫీల్లోకీ ఖరీదైనది అదే. ఎందుకంటే కప్పు ఖాళీ అయ్యేలోపు కాగితం మీద కొత్త లైన్లు పుట్టుకొచ్చాయి. హ్యాండ్లింగ్ ఛార్జీలు, కోటింగు, 'ఎసెన్షియల్ కిట్'. కిట్‌లో ఏముందయ్యా అంటే కింద వేసే మ్యాట్లు, ఒక కీచైను.

"ఇన్సూరెన్స్ మేం బయట తీసుకుంటాం" అన్నాను. ఆ కుర్రాడి ముఖం రేడియేటర్‌లా వేడెక్కింది. మేనేజర్ వచ్చాడు. నాలుగు కాగితాలు తిరగేశాడు. హ్యాండ్లింగ్ ఛార్జీలు మాయమయ్యాయి. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే కొనాలని ఎక్కడా లేదు. బిల్లులో ప్రతి లైనూ చదవండి. అర్థంకాని లైను కనిపిస్తే, "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడగండి. సగం సార్లు ఏమీ కాదు.

సెకండ్‌హ్యాండ్ బేరగాళ్లది ఇంకో కథ. వాళ్ల దగ్గర ప్రతి బండీ డాక్టరుగారిదే. ఆయన దాన్ని ఆదివారం గుడికి మాత్రమే తీస్తాడు. మీటర్ నలభై వేలు చూపిస్తుంది, బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా మెరుస్తుంటుంది. ఆ గుడి కాశీలో ఉందేమో మరి! టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరని అర్థం. బేరగాడు అబద్ధం చెప్పొచ్చు, టైరు చెప్పదు.

మూసీ, టోలూ, ఒక లింగమంతుల స్వామి

మామూలు రోజుల్లో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ కీచుమంటుంది, గేటు లేస్తుంది, వెళ్లిపోతాం. సంక్రాంతికి రెండ్రోజుల ముందు రండి, నగరం సగం అక్కడే ఉంటుంది. వెనక సీటు వాళ్లు తెచ్చుకున్న పులిహోర ఊరు చేరకముందే ఖాళీ. ముక్కూమొహం తెలియని పక్క కారు వాళ్లకి చెక్కలు అందిస్తారు. నాకైతే పండగ అక్కడే మొదలవుతుంది.

సూర్యాపేట ముందు మళ్లీ మూసీ కనబడుతుంది. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటిన మూసీయే ఇది. సూర్యాపేట దాటగానే దురాజ్‌పల్లి. రెండేళ్లకోసారి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. అప్పుడు బండ్లన్నీ వేరే దారికి మళ్లిస్తారు. నేషనల్ హైవే పక్కకి తప్పుకుని దేవుడికి దారివ్వడం నాకు భలే నచ్చుతుంది.

కోదాడ దాటితే రాష్ట్రం మారుతుంది. ఫోన్‌కి "వెల్‌కమ్" మెసేజ్ వచ్చినా రాకపోయినా నందిగామ దగ్గర మా అమ్మ ఫోన్ మాత్రం వస్తుంది. "రోడ్డు మీదున్నావా? అయితే మాట్లాడకు, పెట్టెయ్" అని ఆవిడే ఫోన్ చేసి ఆవిడే పెట్టేస్తుంది.

ఇరవై నిమిషాలు

ఇక నవ్వులాటకి రాని సంగతి ఒకటుంది. నాతోపాటే బండి నేర్చుకున్న దోస్తు ఒకడుండేవాడు. పెళ్లి బృందాన్ని దింపి, ఆ రాత్రే ఖాళీ బండితో తిరుగుప్రయాణం పెట్టుకున్నాడు. తెల్లవారితే ఇంకో ట్రిప్పు ఉంది మరి. తెల్లవారుజామున నాలుగింటికి కన్నంటుకుంది. ముందు లైట్లు లేకుండా ఆగిన లారీ. నాకు టీ కొట్టు దగ్గర తెలిసింది. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

అప్పట్నుంచి నాకొక నియమం. రాత్రి రెండు, ఐదు మధ్య కన్ను బరువెక్కితే వెలుతురున్న బంకులో బండి ఆపేస్తా. ఇరవై నిమిషాలు సీటు వాల్చి పడుకుంటా. కిటికీ దించడం, పాటలు పెంచడం, మొహం కడుక్కోవడం అన్నీ చేసి చూశాను. నిద్రకి మందు నిద్రే.

ఈమధ్య ఒక కుర్రాడు ఎక్కాడు. పొద్దున్నే బెజవాడలో ఏదో పని. సూర్యాపేటలో బండి ఆపి, "బాబూ, ఇరవై నిమిషాలు" అన్నాను. "మ్యాప్‌లో గ్రీన్ చూపిస్తోంది కదా, పోనివ్వండి!" అన్నాడు. "మ్యాప్ రోడ్డునే చూస్తుంది బాబూ, నా కళ్లని కాదు" అని పడుకున్నాను. దారంతా మాట్లాడలేదు. దిగేటప్పుడు డోరు గట్టిగా వేశాడు. సాయంత్రానికి యాప్‌లో ఒకే ఒక్క స్టార్.

మా అమ్మాయి చూసి తెగ బాధపడింది. "నాన్నా, నీ రేటింగ్ పడిపోయింది" అంది.

"పడిపోనీ అమ్మా" అన్నాను. "ఆ అబ్బాయి క్షేమంగా ఇంటికెళ్లి, తీరిగ్గా కూర్చుని, నొక్కాడుగా. నాకదే ఐదు స్టార్లు."