ఆరు రుచులున్నా అందని తేనీరు

తేయాకును ప్రపంచం రెండు పేర్లతో పిలుస్తున్నది. చైనాలో అధికభాగం వాడే ‘చా’ అనే మాట భూమార్గాన పారసీక దేశం చేరి ‘చాయ్’ అయి, అక్కడినుండి ఉర్దూలోకి వచ్చినది. ఫూజియన్ తీరపు మాండలికంలోని ‘తె’ అనే మాట డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపాకు పోయి ‘టీ’ అయినది. మన తెలుగువారు ఉభయులనూ ఆదరించారు. తేయాకు, తేనీరు అని గ్రంథాలలో వ్రాసుకుంటాము. హైదరాబాదు వీధిలో మాత్రం ‘చాయ్ తాగుదాం రండి’ అంటాము. కొన్ని పుటలు కుడినుండి ఎడమకు, కొన్ని పుటలు ఎడమనుండి కుడికి అచ్చయ్యే మన కళాశాల సంచికకు ఇంతకంటె తగిన పానీయం లేదని మా అభిప్రాయం. సంపాదకవర్గం వారు మమ్ములను ప్రబంధ సాహిత్యాన్ని గురించి వ్రాయమన్నారు. ప్రబంధాలు ఎక్కడికీ పోవు. తేనీరు మాత్రం ఒకసారి మమ్ములను విడిచి పోయినది. అందుచేత దానిని గురించే వ్రాస్తున్నాము.

మా ఇంట తేనీటికి ఒక ఋతుచక్రం ఉండేది. ఉదయం అల్లం, వానకాలపు సాయంకాలం శొంఠీ మిరియాలూ, అతిథులు వచ్చిననాడు ఏలకులు, వేసవిలో పెరటి కుండీలోని నిమ్మగడ్డి. మా ఇల్లాలు గుంటూరు జిల్లా ఆడపడుచు కావడంవలన మొదట కాఫీ పక్షం వహించినా, కాలక్రమాన హైదరాబాదు నీరు ఆమెను చాయ్ పక్షానికి త్రిప్పుకొన్నది. ఉర్దూ శాఖలోని మా సహాధ్యాపకులొకరు విందు ముగిసిన పిమ్మట పాలు లేని సులేమానీ చాయ్ త్రాగడం మాకు అలవాటు చేశారు. నల్లని డికాక్షన్‌లో రెండు పుదీనా ఆకులు వేసి, దించిన తరువాత నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే, ఆ నలుపు కళ్ళముందే తేనెరంగుకు మారుతుంది. పులుపు తగలగానే తేయాకులోని వర్ణద్రవ్యాలు లేతబడతాయి. ఆ మార్పును చూసి సంబరపడని పిల్లవానిని మేము ఎరుగము. ఒక ఏడాది నుమాయిష్‌లో శాలువలమ్మే కాశ్మీరు దుకాణదారు తనకోసం కాచుకున్న ఉప్పు చాయ్ మాకూ ఒక కప్పు ఇచ్చాడు. పచ్చి తేయాకును వంటసోడాతో చాలాసేపు మరిగించి, గరిటెతో ఎత్తిపోసి, పాలు చేర్చితే గులాబీ రంగు వస్తుందట. రంగు మాకు నచ్చినది. ఉప్పు మాత్రం మా నాలుకకు లొంగలేదు.

ఇరానీ చాయ్‌లో ఏ మసాలా వేస్తారని పై ఊళ్ళనుండి వచ్చే బంధువులు అడుగుతుంటారు. అసలైన ఇరానీ చాయ్‌కు మసాలా అక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో యజ్ద్, కిర్మాన్ ప్రాంతాలనుండి బొంబాయికి వచ్చి, అక్కడినుండి పూనా, హైదరాబాదులకు చేరినవారు ఈ హోటళ్ళకు మూలపురుషులు. వారి స్వదేశంలో చాయ్‌లో పాలు పోయరు. చక్కెరముక్కను పంట పట్టి నల్లని చాయ్ త్రాగుతారు. కనుక పాల ఇరానీ చాయ్ అనేది ఇరాన్‌లో లేని ఇరానీ. దాని రహస్యం రెండు పాత్రలలో ఉన్నది. ఒకదానిలో తేయాకు నీరు మూత బిగించి సన్నని సెగపై దమ్ములో ఉంటుంది. రెండవదానిలో పాలు చిక్కబడేవరకు కాగుతూ ఉంటాయి. రెండూ కలుసుకొనేది కప్పులోనే. ఆ కమ్మదనం కాపువలన వచ్చినదే గాని దినుసువలన వచ్చినది కాదు.

అందుచేత మసాలా చాయ్‌ను గురించి మాకు కొంత అనుమానం ఉండేదని దాచనక్కరలేదు. ఇది మా ఒక్కరి అనుమానం కూడా కాదు. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో మనదేశాన చాయ్ ప్రచారానికి పూనుకొన్న తేయాకు వ్యాపారులు, వీధి దుకాణదారులు పాలూ చక్కెరా దినుసులూ పెంచి ఆకును తగ్గిస్తున్నారని కలవరపడ్డారు. 1930లో అస్సాంలో పుట్టిన సి.టి.సి. యంత్రం ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుట్టడంతో కొద్దిపాటి పొడికే చిక్కని రంగు రావడం మొదలైనది. చవక పొడి, చిక్కని పాలు, దంచిన దినుసు, ఈ మూడూ కలిసి నేటి మసాలా చాయ్ అయినది. నాసిరకపు ఆకును కప్పిపుచ్చడానికే దినుసులని మేము తరచు వాదించేవారము. మా ఇల్లాలు మాత్రం, “మీరు దినుసులను దినుసులుగా ఎప్పుడు త్రాగారు గనుక?” అనేది.

2021 మే మాసంలో, కోవిడ్ రెండవ విజృంభణలో, మాకూ జ్వరం వచ్చినది. ఊపిరితిత్తులకు ముప్పు లేక ఇంటనే గడిచినది. ఆ నెలలో అది చిన్న అదృష్టం కాదు. నాలుగవనాటి ఉదయం అల్లం చాయ్ ఒక గుక్క త్రాగి గ్లాసు క్రింద పెట్టాము. తీపి ఉన్నది. ఆకు చేదు ఉన్నది. వగరు నాలుకను పట్టినది. అల్లపు కారం గొంతును గీరినది. అనుమానం తీరక, పాలు లేని మరొక గ్లాసులో నిమ్మరసమూ చిటికెడు ఉప్పూ వేసి చూశాము. పులుపు, ఉప్పు యథాతథంగా ఉన్నవి. ఉగాది పచ్చడికి కావలసిన ఆరు రుచులూ హాజరుపట్టీలో పేరు పిలిచినట్లు ఒక్కొక్కటిగా ‘ప్రెజెంట్ సార్’ అన్నవి. టీ మాత్రం పలకలేదు.

వైజ్ఞానిక శాఖ విద్యార్థులకు ఇందులో వింత లేకపోవచ్చును. నాలుకకు తెలిసినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటికి తోడు మాంసరసంలోనూ పుట్టగొడుగులలోనూ ఉండే ఉమామి అనే రుచి. మన పెద్దలు షడ్రుచులలో చేర్చిన వగరును, కారాన్ని నేటి శాస్త్రం రుచులనదు. వగరు ఒక విధమైన స్పర్శ. తేయాకులోని పాలిఫినాల్‌లు లాలాజలపు మాంసకృత్తులను పట్టుకొనడంవలన నోరు పిడచగట్టినట్లవుతుంది. పాలు పోసినప్పుడు ఆ పట్టు పాలలోని మాంసకృత్తులపైకి మళ్ళుతుంది గనుక వగరు తగ్గుతుంది. కారం త్రిధార నాడి మోసుకుపోయే మంట. అల్లంలోని జింజరాల్, మిరియంలోని పైపరిన్, మిరపలోని కాప్సైసిన్ మూడూ వేడిని పసిగట్టే ఒకే ద్వారాన్ని తడతాయి. అల్లం ఎండి శొంఠి అయితే జింజరాల్ కొంత షోగాల్‌గా మారి మరింత ఘాటెక్కుతుంది. ఇవి తప్ప మనం రుచి అని పిలిచే తక్కినదంతా వాసనే. మ్రింగేటప్పుడు నోటి వెనుకనుండి ముక్కులోకి ఎగబ్రాకే ఆవిరి అది. తేయాకు పరీక్షకులు చెంచాడు టీని పెద్ద చప్పుడుతో జుర్రడానికి కారణం ఇదే. గాలితో కలిసి తుంపరలైతే పరిమళం పైకి చేరుతుంది. వారి కొలత కూడా నిర్ణీతమే: నూరు మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాల నాననిపు. మనవారు సాసరులో పోసుకొని జుర్రితే మొరటుతనమంటాము. లండనులో కోటు తొడిగి జుర్రితే ఉద్యోగమంటాము!

జ్వరం పోయినది, వాసన రాలేదు. నెల గడిచినది. పోయినది టీ ఒక్కటే అయితే ఈ వ్యాసం వ్రాయనవసరం లేదు. ఒక మధ్యాహ్నం పొయ్యిమీది పాలు మాడి, గిన్నె నల్లబడి, పొగ ముందుగదిలోకి వచ్చేవరకు ప్రక్కగదిలో పుస్తకం చదువుతూనే ఉన్నాము. నాటినుండి గ్యాసు పొయ్యి దగ్గరకు మమ్ములను ఒంటరిగా పంపడానికి ఇంట ఒప్పుకోలేదు. తొలకరి పడి అందరూ వాకిట నిలిచి మట్టివాసన అంటుంటే మేము తలుపుచాటున నిలబడ్డాము. మా మనుమరాలిని ఎత్తుకొని తల ముద్దాడినా ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్లుండేది. ఇది పైకి చెప్పుకొనదగిన బాధ కాదు. ఆ ఏడు ఇరుగుపొరుగున మనుషులే పోయిన ఇళ్ళున్నవి. ముక్కు పోయినదని ఎవరితో చెప్పుకోగలము?

చెప్పుకొన్నది పైన చెప్పిన ఉర్దూ సహాధ్యాపకులతోనే. వారికీ 2020లో ఇదే అయినదట. “ప్రొఫెసర్ సాబ్, ముక్కుకు కూడా ఆమోఖ్తా చెప్పించాలి” అన్నారు. ఆమోఖ్తా అంటే పాత పాఠాన్ని రోజూ తిరిగి వల్లె వేయడం. ఆ మాట శాస్త్రసమ్మతమైనదే. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రకటించిన పద్ధతి ప్రకారం గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలను ఉదయం, సాయంకాలం, పన్నెండు వారాలపాటు మనసుపెట్టి పీల్చవలెను. అందరికీ ఫలిస్తుందని లేదు. సాధన చేయనివారిలోకంటె చేసినవారిలో ఎక్కువమందికి మెరుగు కనబడినది. వారు తైలాలను సీసాలలో ఉంచారు. మా ఇల్లాలు సీసాలకు బదులు నాలుగు చిన్న కప్పులు పెట్టినది.

ఆ మూడు నెలలలో మేము తేనీరు కాచడం మొదటినుండి నేర్చుకున్నాము. లవంగాన్ని దంచరాదు, చిదమవలెను. రెండు మొగ్గలు చల్లని నీటిలో వేసి నీటితోపాటే మరగనిస్తే యూజినాల్ నెమ్మదిగా దిగుతుంది. మూడవ మొగ్గ వేస్తే తేయాకు ఓడిపోతుంది. ఏలకులు ఇందుకు విరుద్ధం. ముందే వేసి మరగించితే వాటి పరిమళం వంటింటికి చెందుతుంది గాని కప్పుకు చెందదు. పొయ్యి ఆర్పే ముందు గింజలు నలిపి వేసి మూత పెట్టవలెను. యూకలిప్టస్‌కు బదులుగా ఏలకులను ఎంచుకొనడానికి కారణమున్నది: రెండింటిలోనూ సినియోల్ అనే ద్రవ్యం విస్తారంగా ఉన్నది. నిమ్మకు బదులు నిమ్మగడ్డి. దాని సిట్రాల్ నిమ్మతొక్కలోనూ ఉన్నది. ఆకును ముడివేసి వేస్తే తీయడం సులువు. ఎండిన గులాబీ రేకులు మాత్రం మరగకూడదు. దించిన నీటిలో మూతక్రింద ఐదు నిమిషాలు నానితే చాలు. ఇక ఇంట అల్లం చాయ్‌లో పాలు విరుగుతున్నవని బాధపడే విద్యార్థినులకు ఒక మాట: పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైము ఉన్నది. అల్లాన్ని ముందు నీటిలో బాగా మరగించిన తరువాతనే పాలు పోయండి.

తొలి వారాలలో నాలుగు కప్పులూ వేడినీళ్ళే. ఏడవ వారంలో ఏదో వచ్చినది, కాని వచ్చినది సుగంధం కాదు. లవంగం కాలిన రబ్బరువలె తోచినది. కాఫీ, వేగిన ఉల్లిపాయ కుళ్ళు కంపు కొట్టినవి. వాసన తిరిగివచ్చే దారిలో చాలామందికి ఇట్లు వక్రించి రావడం కలదని తరువాత తెలిసినది. ఆ సమయంలోనే సహాధ్యాపకుల ఇంట విందు. బిర్యానీకి ఉల్లి వేయించే ఇంటికి వెళ్ళలేక, కారణం చెప్పి మానుకున్నాము. మరునాడు వారి అబ్బాయి ఫ్లాస్కులో సులేమానీ చాయ్ తెచ్చి, “అబ్బా పంపారండీ, ఇందులో ఉల్లిపాయ లేదన్నారు” అని వాకిట పెట్టి పోయాడు.

మొదట నిజమైన రూపంతో వచ్చినది ఏలకి. ఆగస్టులో ఒకనాడు సాయంకాలం మూత తీయగానే చల్లగా, పలుచగా, రెండు క్షణాలపాటు తగిలి పోయినది. ఇల్లాలిని పిలిచి ఏ కప్పు అని అడిగితే, “మీరే చెప్పండి” అన్నది. చెప్పాము. ఆమె ఏమీ అనలేదు. పొయ్యి వెలిగించి మరొక కప్పు పెట్టినది. తరువాత లవంగం సరిదిద్దుకున్నది, ఆపై నిమ్మగడ్డి. మసాలా ముసుగు అని వాదించిన మాకు, ఆకు పరిమళం అందని దినాలలో చేయి అందించినవి ఆ దినుసులే. మంచి ఇరానీ చాయ్‌కు ఇవేవీ అక్కరలేదని ఇప్పటికీ అంటాము.

మరుసటి వేసవిలో మా ఇల్లాలు ఇంకొకటి చేసి చూసినది. చైనావారి మల్లె తేయాకుకు వాడే పూవు మన బొండుమల్లె జాతిదే. తేయాకు చుట్టుప్రక్కల వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. ఇంగువ డబ్బా ప్రక్కన పెట్టినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. సాయంకాలం విచ్చబోయే మొగ్గలను పచ్చతేయాకుతో పొరలు పొరలుగా డబ్బాలో పేర్చి, తెల్లవారి పూలు తీసివేసి, ఆకును నీడన ఆరబెట్టినది. ఇట్లు మూడు రాత్రులు. ఆ టీలో పాలు, చక్కెర వేయలేదు. మేము త్రాగి, పూలు ఎవరివని అడిగాము. వెనుకవీధి ముసలమ్మ అమ్మే మూర పూలేనట.

ఈ ఏడు రెండవ సంవత్సరపు విద్యార్థులు కొందరు ఇంటికి వస్తే కళ్ళకు గంతలు కట్టి, ముక్కు పట్టుకొని, ఏలకి చాయ్, లవంగం చాయ్ త్రాగించాము. ఏది ఏదో ఎక్కువమంది చెప్పలేకపోయారు. ముక్కు వదలగానే ఒక్కసారిగా కేకలు వేశారు. ఒక అమ్మాయి మాత్రం రెండుసార్లూ సరిగా చెప్పినది. లవంగం నాలుకను కొంచెం మొద్దుబార్చినదట!

గులాబీ మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. కొన్ని ఉదయాలు ఉంటుంది, కొన్ని ఉదయాలు తడిసిన కాగితంవలె ఉంటుంది. రేకుల డబ్బా పొయ్యిప్రక్కనే ఉన్నది. నాలుగవ కప్పు ఇప్పటికీ ప్రతిదినమూ పెడుతున్నాము.