అరిగిన రంపె

మా ఇంట్లో కత్తులు మూడే. అయ్య రంపె, అమ్మ కొడవలి, చేపలు కోసే కత్తిపీట. మూడింటికీ పనుంది. కత్తిని కొని, తుడిచి, అద్దాల బీరువాలో పెట్టి చూసుకునే మనుషులుంటారని నాకు పంతులు ఉద్యోగం వచ్చాకనే తెలిసింది. కత్తిని దాచుకునేవాడి బతుకు వేరు, వాడుకునేవాడి బతుకు వేరు. ఆ రెండు బతుకుల మధ్య ఊరికీ గూడేనికీ ఉన్నంత దూరం ఉంది.

మేం మాదిగలం. మా తాత గుడివాడ దగ్గరి పల్లెలో లందె మీద బతికాడు. సున్నంలో నానేసి వెంట్రుక ఊడదీసిన తోలును తంగేడు చెక్కతో పదును చేసేవాడు. ఆ వాసననీ, ఆ ఊరి చీదరింపునీ వదిలించుకుని మా అయ్య బెజవాడ వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? ఏలూరు కాలవ వంతెన పక్కన గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టాడు. ఊరు మారింది గాని చేతిలో తోలు మారలేదు. మా ఇంటా వంటా డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు.

రంపె అంటే తెలియని వాళ్లకు చెబుతాను. తోలు కోసే కత్తి. వెడల్పాటి అలుగు, గుప్పిట్లో ఇమిడే పిడి. ఆరెతో బెజ్జం పొడవాలన్నా, గూటంతో కొట్టాలన్నా ముందు రంపె తోలును కొయ్యాలి. అంచును కాగితమంత పలచగా చెక్కాలి. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి జారితే తోలూ పోతుంది, వేలూ పోతుంది. అయ్య ఎడమ బొటనవేలు మీద అలాంటి గీతలు ఎన్నో ఉండేవి.

ఆ రంపెను అయ్య కొట్లో కొనలేదు. ఆటోనగర్లో విరిగిన లారీ కమాను పట్టీ ముక్క సంపాదించి, కొలిమి దగ్గర కూర్చుని కొట్టించుకున్నాడు. కమాను ఉక్కులో కర్బనం ఉంటుంది. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది, అంచు నిలుస్తుంది. మెత్తని ఇనుముకు ఆ గుణం లేదు. ఈ సంగతి నేను తర్వాత పుస్తకంలో చదువుకున్నాను. అయ్యకి అక్షరం రాదు. గోటితో మీటి, ఆ మోత విని చెప్పేవాడు, ‘ఇది నిలబడుద్దిరా’ అని.

రోజూ పొద్దున్నే రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి రంపెను నూరేవాడు. చేయించిన రోజున నాలుగు వేళ్ల వెడల్పున్న అలుగు, 2016లో అయ్య పోయేనాటికి రెండున్నర వేళ్లయింది. మిగతా వేలున్నర ఉక్కు ఎక్కడికి పోయింది? నా పలకలోకి పోయింది. హాస్టలు పెట్టెలోకి, బీఈడీ ఫీజులోకి పోయింది. డీఎస్సీ రాయడానికి పోయిన రోజు నా కాళ్లకున్న చెప్పుల్లోకి పోయింది. మా అయ్య ఆస్తి రాయలేదు. అరిగిపోయిన ఆ ముక్కే మాకు రాసిన వీలునామా.

అమ్మది కక్కు కొడవలి. సార్వా కోతలు వస్తున్నాయంటే ముందుగా పళ్లు కక్కు కొట్టించుకునేది. ఒంగి దుబ్బు పట్టుకుని కోసుకుంటూ పోతుంటే కొడవలి వెండిలాగా మెరిసేది. డెల్టాలోకి కోత మిషన్లు దిగాక ఆ కొడవలి చూర్లోకెక్కింది. ఇప్పుడు దానికి తుప్పు. బీరువా పెద్దమనుషులు తెలుసుకోవాల్సింది ఇదే. మా కత్తి వాడితేనే మెరుస్తుంది. వాడకుండా ఊరకే పడి ఉందంటే ఆ ఇంట్లో పని పోయిందని అర్థం. వాడకపోయినా మెరవాలంటే దానికి ఎవడో ఒకడు నూనె రాస్తుండాలి. ఆ రాసే చెయ్యి కూడా చాలాసార్లు కూలి చెయ్యే.

నాకు తెలిసిన ఒక రిటైరైన ఆఫీసరు ఉన్నాడు. పేరెందుకు? మంచివాడే, మా బడికి పుస్తకాలు కూడా ఇచ్చాడు. ఒకసారి ఇంటికి పిలిచి తన బీరువా చూపించాడు. నేపాలు కుక్రీ, రాజస్థాన్ కటారు, స్విస్ మడత కత్తి, పెట్టెలోంచి బయటికే తీయని జపాను వంటకత్తి. ‘ఒక్కసారి వాడినా విలువ పడిపోద్ది మాష్టారూ’ అన్నాడు. ఉక్కు గురించి ఆయనకు బాగా తెలుసు. ఆ కత్తులు కొట్టినవాళ్ల పనితనాన్ని ముచ్చటగా వివరించాడు. వాటిని దాచినందుకు నేను ఆయన్ని తప్పుపట్టను. ఎవరూ దాచకపోతే కొన్ని పనితనాలు ఆనవాలు లేకుండా పోతాయి.

మాటల్లో అయ్య రంపె సంగతి వచ్చింది. ఆయన కళ్లు వెలిగాయి. ‘మన ప్రాంతపు పనిముట్టు నా దగ్గర ఒక్కటీ లేదు. తెచ్చిపెట్టండి’ అన్నాడు. ఫోనులో ఫొటో చూపించాను. మొహం చిన్నబోయింది. ‘ఇది బాగా అరిగిపోయిందే. పైగా తోలు వాసన పట్టేసి ఉంటుంది. అలాంటిదే కొత్తది చేయించి పెట్టండి, ఎంతయినా ఇస్తాను’ అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. ఆయనకు రంపె కావాలి, రంపె పట్టిన చెయ్యి వద్దు. మాదిగ పనితనం కావాలి, మాదిగ వాసన వద్దు. ఈ దేశం మా చెప్పులు తొడుక్కుని మమ్మల్ని గడప బయట నిలబెట్టడం కూడా ఇలాంటిదే కదా!

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకు నూర్జహాన్ పండ్ల కత్తి గుర్తుంటుంది. 1949లో చనిపోయిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ ప్రపంచమంతా గాలించి పోగుచేసిన వస్తువులతో 1951లో ఆ మ్యూజియం తెరిచారు. కత్తులూ బాకులూ అక్కడ వరసగా ఉంటాయి. ఎవరి నడుముకు వేలాడాయో చెబుతారు. కొట్టిందెవరో చెప్పరు. మన తెలంగాణలోనే నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవాళ్లు. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి ఆ ఉక్కు కొనుక్కుపోయేవాళ్లు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్న వాటి వెనక అలాంటి మన ఉక్కు ఉంది. ఆ కొలిమి ముందు ఒళ్లు కాల్చుకున్నవాడి పేరు ఏ పలక మీద చూశారు మీరు?

బెజవాడలో 1887లో విక్టోరియా రాణి పేరిట పునాది వేసిన మ్యూజియం ఉంది. ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నారు. మా బడి పిల్లల్ని తీసుకుపోయాను. కత్తుల దగ్గర ఒక పిల్ల అడిగింది, ‘మాష్టారండీ, వీటితో ఏం కోసేవాళ్లండీ?’ అని. వ్యవసాయ కూలీల పిల్ల. దానికి తెలిసిన కత్తి ఏదో ఒకటి కోస్తుంది. ‘మనుషుల్నమ్మా’ అన్నాను. మళ్లీ మాట్లాడలేదు.

మనుషుల్ని కోసిన కత్తికి గాజుపెట్టె, తోలు కోసిన కత్తికి పోలీసు తనిఖీ. ఒక ఎన్నికల కాలంలో రాత్రిపూట అయ్య సంచి విప్పించి, ‘ఎవణ్ణి పొడవటానికిరా ఇది?’ అని రంపె లాక్కున్నారు. అయ్య మాట్లాడకుండా కాయలు కాసిన అరచేతులు చూపించాడు. మూడు రోజులకి గాని తిరిగివ్వలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో ఒక్కపూటే పొయ్యి వెలిగింది. 1959 ఆయుధాల చట్టం ఇంటి పనికీ వ్యవసాయానికీ మాత్రమే చేసిన వస్తువుల్ని ఆయుధాలనలేదు. దాని నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తుల్ని పట్టికలో చేర్చినా, పరిశ్రమల పనికి చేసినవాటిని మినహాయించాయి. చట్టానికి పనిముట్టేదో తెలుసు. వీధిలో లాఠీకి మాత్రం ముందు కులమే కనపడుద్ది.

అలాగని వాడే కత్తులన్నీ మంచివని నేననను. 1985 జులై 17న కారంచేడులో మా మాదిగలు ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న ఈ డెల్టాలోనే చుండూరులో దళితులు ఎనిమిది మందిని నరికారు. అక్కడ లేచినవి మ్యూజియం కత్తులు కావు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అందుకే కత్తిని వాడారా దాచారా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఎవరు వాడారు, ఎవరి మీద వాడారు అని కూడా అడగాలి.

సభల్లో కొందరు తమ్ముళ్లు అంటారు, ‘అన్నా, రంపె మన గుర్తు. నువ్వే దాచిపెట్టు’ అని. 1994లో ఈదుమూడి నుంచి దండోరా మోగాక మా వాళ్లు మాదిగ అని పేరు పక్కన ధైర్యంగా రాసుకున్నారు. ఆ ధైర్యంలోనే నేను పెరిగాను. అయినా నా మాట ఒకటే. రంపెను దండేసి పూజించొద్దు. మన పిల్లల చేతికి కులవృత్తిగా మళ్లీ అంటగట్టొద్దు. తోలు పని చెయ్యాలో వద్దో ఆ పిల్లలే తేల్చుకోవాలి. ఎప్పుడైనా మ్యూజియంలో పెడితే అరిగినదాన్నే పెట్టాలి. పక్కన పలక మీద, ఇది పట్టినవాడి పేరేంటి, కులమేంటి, జత చెప్పులు కుడితే ఎంతిచ్చారు, ఎవరి గడప దాటనివ్వలేదు, అన్నీ రాయాలి.

అమ్మనడిగితే ఒక్క ముక్కలో తేల్చింది. ‘పెట్టెలో పెడితే తుప్పు పట్టుద్దిరా అబ్బాయ్. నీకు పనికొస్తే వాడుకో.’

ఆఫీసరు గారికి కొత్త రంపె చేయించి ఇవ్వలేనని చెప్పేశాను. అయ్య రంపె నా బడి సంచిలో ఉంది. దాంతో అట్టలు కోసి అంకెల పలకలూ, గడియారం బొమ్మలూ చేస్తాను. నెలకోసారి అదే రాయి మీద నూరతాను. ఇంకా అరుగుతుంది, అరగనీ. రేపు ఐదో తరగతికి భిన్నాల పాఠం ఉంది. ఒక గుండ్రటి అట్టను ఎనిమిది సమాన ముక్కలుగా కొయ్యాలి.