ఎర్రబడేదాకా

మా ఇంట్లో మిరపకాయల విషయంలో రెండు పక్షాలున్నాయి. నా శ్రీమతిది పచ్చి పక్షం, మా అవ్వది పండు పక్షం. మేడ మీద కుండీల్లో కాసే కాయలను కాస్త ముదరగానే పప్పులోకీ, పోపులోకీ తుంచుకోవాలని శ్రీమతి. చెట్టు మీదే ఎర్రగా పండేదాకా ఎవరూ చెయ్యి వెయ్యొద్దని అవ్వ. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో అప్పిచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ నడుమ కూర్చున్నవాణ్ణి. అయినా ఈ తగవులో తీర్పు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

మాది షోలాపూరు. మా తాత కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. నాన్న మిల్లులో చేరాడు, అవ్వ ఇంట్లో బీడీలు చుట్టింది, నేను బి.కాం. చదివి బ్యాంకు ఉద్యోగినయ్యాను. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా అవ్వ కొంగున మిరప గింజలు ముడేసుకుని వచ్చేది. ఇప్పుడు ఆ ఊళ్లో మావాళ్లెవరూ లేరు. ఆ ఇల్లూ లేదు, పెరడూ లేదు. ఆ పెరటి మిరప మాత్రం మా మేడ మీద ఉంది.

దానికి పేరంటూ ఏమీ లేదు. బ్యాడగి మిరపకు 2011లో, వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాది సన్నగా, వేలెడు పొడుగున ఉండే కాయ. "మా ఊరి మిరుప" అంటుంది అవ్వ. అదే దాని గుర్తింపు.

పెంచడం పెద్ద విద్యేమీ కాదు. మృగశిర కార్తెలో గింజ వేస్తే 8, 10 రోజుల్లో మొలక వస్తుంది. 40 రోజుల నారును 12 అంగుళాల కుండీల్లోకి మార్చాలి. మరో నెలకు పూత. ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది గనుక మా షోలాపూరు వేసవిలో ఆ ప్రయత్నమే వద్దు. పూసిన నాలుగైదు వారాలకు పచ్చిమిరపకాయ చేతికి వస్తుంది. అది ఎర్రబడాలంటే ఇంకో మూడు నాలుగు వారాలు ఆగాలి. మృగశిరలో వేసిన గింజకు పండు మిరప చూసేసరికి దీపావళి దాటుతుంది.

ఈ చివరి మూడు నాలుగు వారాల దగ్గరే మా ఇంటి గొడవంతా. అరటికాయలాగా, టమాటాలాగా మిరపకాయ కోశాక ఇంట్లో పండదు. పచ్చిది కోస్తే వడలిపోతుందే గాని ఎర్రబడదు. సగం రంగు తిరిగాక కోస్తే మాత్రం నీడన నాలుగు రోజుల్లో మిగతా రంగు తిరుగుతుంది. పైగా కాయను చెట్టునే పండనిస్తే చెట్టు కొత్త పూత తగ్గించుకుంటుంది. ఎప్పటికప్పుడు కోస్తూ ఉంటే కాస్తూనే ఉంటుంది. మా బ్యాంకు లెక్కలో చూస్తే శ్రీమతిదే న్యాయం. కాని పచ్చికాయలోని గింజ సరిగా మొలవదు. గింజ కావాలంటే కాయ పండాల్సిందే. మిరప గింజను ఇంట్లో సీసాలో దాచితే రెండు మూడేళ్లకు మించి నమ్మలేం. ఈ డిపాజిట్టును గడువు తీరగానే తిరిగి వేయకపోతే అసలే పోతుంది.

2021లో నా ట్రాన్స్‌ఫరు వల్ల ఇల్లు తాళం వేసి ఉంది. 2022లో పాత గింజలు వేస్తే 9 మొక్కలు దక్కాయి. అంతలో ముడత పట్టుకుంది. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మాకు రెండూ వచ్చాయి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లాను. చివరికి మిగిలినవి రెండు మొక్కలు, వాటికి 11 కాయలు.

అప్పటికే ఎనభై దాటిన అవ్వ పొద్దున్నే కర్ర పట్టుకుని మేడ ఎక్కి కూర్చునేది. మా భయం పిల్లల గురించి కాదు, పిగిలిపిట్టల గురించి. మిరప మంటను మనకు తెలియజేసే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షుల్లో ఆ గ్రాహకం మిరప కారానికి స్పందించదు. మనం కళ్లనీళ్లు పెట్టుకునే కాయను పిట్ట పండులా తినేస్తుంది. మూడు కాయలు అలాగే పోయాయి. మిగిలిన ఎనిమిదింటికీ అవ్వ పాత ధోవతి గుడ్డ ముక్కలు చుట్టింది.

సంక్రాంతికి పుణె నుంచి మా అమ్మాయి వచ్చింది. అక్కడ అత్తవారింట్లో పచ్చిమిరప, వెల్లుల్లి దంచిన ఠేచా రోజూ ఉంటుంది. అమ్మాయికి అదీ ఇష్టమే. కాని ఇక్కడికొస్తే మాత్రం పండు మిరప తొక్కు కావాలి. మనవరాలు అడిగిందేదీ కాదనని అవ్వ, ఆ రోజు కాదంది.

"ఈ యేడు తొక్కు లేదు బిడ్డా. గింజుంటే వచ్చేయేడు తొక్కుంటది."

అమ్మాయి ఏమీ అనలేదు. బాపమ్మ పక్కన కూర్చుని ఎనిమిది కాయలూ చీల్చి గింజలు రాల్చింది. మిగిలిన తోలును అవ్వ పారేయలేదు. ఉప్పు, చింతపండు వేసి రోట్లో నూరితే ఉసిరికాయంత తొక్కు వచ్చింది. మిరప కారం గింజలో కంటే దాన్ని అంటిపెట్టుకున్న తెల్లటి ఈనెలోనే ఎక్కువ. ఆ ఈనె తోలుకే ఉండిపోయింది గనుక కారం ఏమీ తగ్గలేదు. అందరం తలా ఇంత నాలుకకు రాసుకున్నాం.

ఆ మరుసటి ఏడు ఎవరూ అడగకుండానే శ్రీమతి మూడు మొక్కలకు ఎర్రదారం కట్టింది. దారం కట్టిన చెట్టు అత్తమ్మది, మిగతావి వంటింటివి. ఆ మూడింటి మొగ్గలకు పలుచటి గుడ్డసంచులు కూడా తనే తొడిగింది. పక్కింటి సిమ్లా మిర్చి పుప్పొడి తేనెటీగలు మోసుకొస్తే మన విత్తనం మారిపోతుందట.

నిజానికి మిరప కూడా మనలాగే వలస వచ్చినదే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు అమెరికా ఖండం నుంచి తెచ్చేదాకా మన కారం మిరియమే. ఎక్కడ నాటితే అక్కడ బతికింది. ఎన్ని చోట్లకు పోయినా ఏటా నాలుగు కాయలు చెట్టున పండనిచ్చే ఇల్లు ఒకటి ఉండబట్టే బతికింది. ఇంట్లో మాట్లాడే మాట కూడా అంతేనేమో, పెద్దలు ఆలోచించాలి.

మా అమ్మాయి పుణె బాల్కనీలో ఇప్పుడు రెండు కుండీలున్నాయి. పాఠకుల్లో ఎవరికైనా గింజలు కావాలంటే సంక్రాంతి తరువాత సంఘం సమావేశంలో నన్ను అడగండి. ఇంటికి 20 గింజలు ఇస్తాను. బ్యాంకువాణ్ణి కదా, ఊరికే ఇవ్వను, అప్పుగానే ఇస్తాను. వడ్డీ లేదు. వచ్చే ఏడు మీరూ రెండు కాయలు చెట్టునే పండనిచ్చి, 20 గింజలు ఇంకో ఇంటికి ఇవ్వాలి. అదే తీరుబాకీ.