పెద్దోడి గ్రాఫిక్స్ కార్డు

మిర్చి డబ్బులు లెక్కపెడుతుంటే మా పెద్దోడొచ్చి, "నాన్నా, కంప్యూటర్‌లోకి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుంటా" అన్నాడు. ఎంతరా అంటే అరవై వేలు దాటిద్దన్నాడు. ఆటలాడుకోడానికా అని కసిరా. మాట్లాడకుండా లేచెళ్లిపోయాడు.

రాత్రి మనసొప్పక పిలిచి అడిగా, అంత రేటెందుకని. 2017లో ఆటల కోసం వచ్చిన పెద్ద కార్డు జీటీఎక్స్ 1080 టీఐ 699 డాలర్లట. 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 5090 ఏమో 1,999. కరోనా రోజుల్లో క్రిప్టో మైనింగోళ్లు కార్డులన్నీ ఎగరేసుకుపోయారు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియంకి వాటితో పని తీరిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు ఏఐ డేటా సెంటర్లు దిగాయి. మెమరీ చిప్పులూ అటే పోతున్నాయి. మామూలు జనానికి అమ్మే క్రూషియల్ వ్యాపారం మానేస్తామని 2025 డిసెంబర్‌లో మైక్రాన్ చెప్పేసింది.

ఇది నాకు తెలిసిన కథే. లారీ వచ్చిన రోజు, రెండు కిలోలు ఇమ్మన్న ఊరివాళ్లని "రేపు రండి" అని నేనూ పంపేశా. కానీ లారీ రాని ఏడు ఆదుకున్నది వాళ్లే. కార్డుల కంపెనీలను పెంచిందీ ఈ ఆటల పిల్లలేగా!

ఇకమీదట కార్డు కొనకుండా, నెలనెలా అద్దె కట్టి ఇంటర్నెట్‌లో ఆడుకోవచ్చట. సొంత చేను పోయి కౌలుకొచ్చినట్టుంది నాకైతే.

"సగం నేనేస్తాలేరా" అన్నా. "వద్దు నాన్నా, పాతదాంతోనే ఇంకో ఏడాది నెట్టుకొస్తా" అన్నాడు.

కసరకుండా ఉండాల్సింది.