రాగం పేరు మాత్రమే మిగిలినచోట

మా మడకశిర సీమకు వాన కరవు గాని పాట కరవు లేదు. అయితే పాటకు మాట వేరు, వరస వేరు. మాట తాటాకుమీదనో రాగిరేకుమీదనో నిలుస్తుంది. వరస గొంతులో పుట్టి, ఆ గొంతుతోనే పోతుంది. మన ఉర్దూ మిత్రుల గజళ్ళ సంగతీ ఇంతే. ముషాయిరాలో కవి తరన్నుమ్‌తో చదివిన తీరు అచ్చుకెక్కదు గదా!

ఈ చిక్కుతోనే తలపడిన స్వరకర్త మన అనంతపురం గడ్డవారే. శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో ఈ సీమలోని రాళ్ళపల్లి గ్రామంలో జన్మించారు. మైసూరులో సంస్కృత ప్రాకృతాలు అభ్యసించి, బిడారం కృష్ణప్పగారి వద్ద సంగీతం నేర్చి, అక్కడి మహారాజా కళాశాలలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు బోధించారు. ప్రాకృత గాథాసప్తశతిలోని శృంగారాన్ని తెలుగుచేసినదీ, వేమన వైరాగ్యంపై ఉపన్యసించినదీ వారే.

అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకులపై వేలకొలదిగా లభించాయి. పాట తలపై రాగం పేరున్నది, స్వరం లేదు. కొండమలహరి వంటి రాగాలు నేటి కచేరీలలో వినిపించనే వినిపించవు. మైసూరు కొలువు ముగిసిన పిమ్మట శర్మగారు తిరుపతి చేరి, దేవస్థానం పక్షాన ఆ రేకులను పరిష్కరిస్తూ, నూరుకు మించిన పాటలకు వరసలు కట్టారు. ఆ సంకీర్తనలలో లాలి ఉన్నది, పెండ్లిపాట ఉన్నది, వేదాంతమూ ఉన్నది. అన్నిటినీ ఒకే కచేరీ మూసలో పోస్తే మాట నలిగిపోతుంది. శర్మగారు మొదట మాట విరుపు చూచి, తరువాత రాగం ఎత్తుకొన్నారని వినినకొద్దీ మాకు తోస్తున్నది. సాహిత్యం బోధించిన చేయి గనుక అది సాధ్యమైనది.

మద్రాసు సంగీత అకాడమీ 1974లో వారికి సంగీత కళానిధి బిరుదమిచ్చింది. 1979లో వారు కీర్తిశేషులైనారు. అయినను నేటికీ చాలా సభలలో 'అన్నమాచార్య కీర్తన' అని మాత్రమే ప్రకటిస్తారు; వరస కట్టినవారి ఊసుండదు. అయిదు వందల ఏండ్ల నాటి వరస తానంతట తాను వచ్చి గాయకుని గొంతులో కూర్చున్నట్లు శ్రోతలు భావిస్తారు. ఇది మాకు సమ్మతం కాదు.

మన పల్లెలలో పీర్ల పండుగనాడు పాడే తెలుగు పాటలకూ ఇదే గతి. నోటుబుక్కులో మాటలుంటే ఉంటాయి, వరస ముసలివారి గొంతులోనే ఉన్నది. నేడు విద్యార్థుల చేతులలో సెల్‌ఫోనులున్నవి. వచ్చే పండుగకు నాలుగు పాటలైనా, పాడినవారి పేర్లతో సహా, ధ్వనిముద్రణ చేయించవలెనని కళాశాల కమిటీవారికి మా మనవి.