35 వాట్ల చీటీ

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఆటో అతనికైనా, అక్కడ అంగడి నడిపేవాళ్లకైనా అది సీటీసీ. కొత్త ల్యాప్‌టాప్‌ల అద్దాల దుకాణాలు దాటి లోపలికి వెళ్లేకొద్దీ సరుకు వయసు పెరుగుతుంది. ఆ లోపలి వరసలో పాత చిన్న కంప్యూటర్లను విప్పి, తుడిచి, మళ్లీ అమ్మే దుకాణమొకటి ఉంది. అక్కడికి నేను ఒక్క ప్రశ్నతో వెళ్లాను: ‘35 వాట్లు’ అన్న అంకెను చూసి ప్రాసెసర్‌ను ఎంచుకోవచ్చా? ఈ సరుకు కంపెనీల ఆఫీసుల్లో నాలుగైదేళ్లు పనిచేసి దిగిపోయిన లాట్ల నుంచి వస్తుంది. లెనోవో థింక్‌సెంటర్ టైనీలు, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రోలు, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీలు. ఒక్కొక్కటి గట్టి అట్ట పుస్తకమంత, లోపల లీటరు నీళ్లు పట్టేంత చోటు. కొనేవాళ్లు ముందు అడిగే మాట ‘టీ ఉందా?’ అని. టీ అంటే ఇరానీ చాయ్ కాదు, ప్రాసెసర్ నంబరు చివరి అక్షరం. ఐ5-6500 అంటే 65 వాట్లది, ఐ5-6500టీ అంటే 35 వాట్లది. సగం కరెంటే తాగుతుంది కాబట్టి టీ తీసుకుంటే బిల్లు సగమవుతుందన్న నమ్మకం అక్కడ చాలామందికి ఉంది. నేను కాదనదలచుకున్నది ఆ నమ్మకాన్నే.

ఈ వాట్ల లెక్కకు ఇంటెల్ పెట్టిన పేరు టీడీపీ. మన దగ్గర ఆ మూడక్షరాలకు వేరే అర్థం ఉంది కాబట్టి ఇకనుంచి వేడి లెక్క అనే అంటాను. ప్రాసెసర్ తన మూల వేగంతో అన్ని కోర్లనూ బరువైన పనిలో పెట్టినప్పుడు సగటున ఎంత వేడి పుడుతుందో, దాన్ని బయటికి తోలడానికి ఎంత ఫ్యాన్, ఎంత లోహం కావాలో చెప్పే అంకె అది. పెట్టె తయారుచేసేవాడికి రాసిన చీటీ అన్నమాట. మీటర్ రీడింగ్ తీసేవాడికి దానితో పని లేదు. 6500, 6500టీ ఒకే రకం చిప్పు. రెండింటిలోనూ నాలుగు కోర్లు, 6 ఎంబీ క్యాష్. తేడా వేగం హద్దుల్లోనే ఉంది. మొదటిది 3.2 గిగాహెర్ట్జ్ దగ్గర మొదలై 3.6 దాకా పోతుంది, రెండోది 2.5 దగ్గర మొదలై 3.1 దగ్గర ఆగుతుంది. పరుగెత్తేటప్పుడు ఒకదానికి కళ్లెం ఉంది. కూర్చున్నప్పుడు రెండూ ఒకలాగే కూర్చుంటాయి. ఆఫీసు కంప్యూటర్ రోజులో ఎక్కువసేపు చేసేది కూర్చోవడమే. టైపు చేసేవాడి వేళ్ల మధ్య ఖాళీలో కూడా ప్రాసెసర్ ఓ కునుకు తీస్తుంది.

దుకాణంలో గోడ ప్లగ్గుకు, అడాప్టర్‌కు మధ్య పెట్టే చిన్న వాట్‌మీటర్ ఉంది. 6500టీ ఉన్న టైనీని దానికి తగిలించి విండోస్ తెర తెరిచి వదిలేస్తే అంకె 10కి అటూఇటూ ఆడింది. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచినప్పుడు ఒక్కసారి 30 దాటి, రెండు మూడు సెకన్లలో మళ్లీ కిందికి దిగింది. నాలుగో జనరేషన్ ఐ5-4590టీ ఉన్న పెట్టె దానికన్నా రెండు మూడు వాట్లు ఎక్కువ తీసుకుంది. ఎనిమిదో జనరేషన్ 8500టీ ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ 10 దగ్గరే. ఈ తేడాలను పెద్దవి చేసే చూద్దాం. రెండు పెట్టెల మధ్య ఏకంగా 10 వాట్ల తేడా ఉందనుకుందాం. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే 24 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 168 రూపాయలు. దీనికోసం కోరినది దొరికేదాకా నెలరోజులు ఆగేవాళ్లున్నారు. పక్కనున్న మానిటరే 20 వాట్లు తాగుతోంది, దాని వెలుగు కాస్త తగ్గించమని మాత్రం ఎవరూ అడగరు.

అలాగైతే టీ అక్షరానికి విలువే లేదా అంటారేమో. ఉంది, కాకపోతే అది బిల్లులో కాక పెట్టెలో ఉంది. మూత విప్పి చూపించిన టెక్నీషియన్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: ‘టీ ఉంటే సల్లగుంటది సార్, మోత ఉండదు.’ వెనక ఒక్క స్క్రూ తీసి మూతను ముందుకు జరిపితే చాలు, లోపలంతా కనిపిస్తుంది. అరచేతిలో పట్టే రాగి, అల్యూమినియం రెక్కలు, వాటికి ఆనుకుని బుల్లి ఫ్యాన్. హీట్‌సింక్ ఎత్తితే కింద థర్మల్ పేస్ట్ ఎండి, గోడ సున్నంలా పొరలు పొరలుగా రాలింది. గుడ్డతో తుడిచి కొత్త పేస్ట్ పప్పుగింజంత వేశాడు. ఆ ఫ్యాన్ 35 వాట్ల వేడికి కొలిచి పెట్టింది. అందులో 65 వాట్ల ప్రాసెసర్ పెడితే వెలగక పోదు, వెలుగుతుంది. బరువైన పని పడగానే వేడెక్కి తనకు తానే వేగం తగ్గించుకుంటుంది, ఫ్యాన్ మాత్రం ఈల వేస్తూనే ఉంటుంది. డబ్బు 65 వాట్లదానికి పెట్టి పని 35 వాట్లదానిలా చేయించుకోవడం. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీల్లో 65 వాట్ల రకానికి మూత మీదే గాలి రంధ్రాలు ఉండడానికి కారణం ఇదే. కాబట్టి పుస్తకమంత పెట్టె కావాలంటే టీ తీసుకోవడం సబబు, పెద్ద క్యాబినెట్‌లో పెట్టుకునేవాడికి దానికోసం వెతుక్కోవడం దండగ.

వాట్లే కొలబద్ద అయితే ఈ బల్ల మీద గెలవాల్సింది సెలెరాన్ జే1900. 2013లో వచ్చింది, నాలుగు కోర్లు, వేడి లెక్క 10 వాట్లే. కిరాణా బిల్లింగ్ డబ్బాల్లో దీన్ని బోలెడు చోట్ల పెట్టారు. బలం మాత్రం 6500టీలో నాలుగో వంతు ఉంటుందేమో. 6500టీ 40 వాట్లతో 5 నిమిషాల్లో ముగించే పనిని జే1900 పెట్టె 16 వాట్లతో 20 నిమిషాలు లాగుతుందనుకుందాం. మొదటిది పని ముగించి మిగతా 15 నిమిషాలు 10 వాట్లతో ఊరికే వెలుగుతూ కూర్చున్నా, రెండింటి మొత్తం ఖర్చు దాదాపు సమానమే. మధ్యలో కుర్చీలో కూర్చున్న మనిషికి పోయిన పావుగంట ఏ మీటర్‌లోనూ ఎక్కదు. చిన్న అంకె చూసి దీన్ని రోజువారీ డెస్క్‌టాప్‌గా కొనుక్కుపోవద్దని నా సలహా.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి? గిగాహెర్ట్జ్ చూసినా మోసపోతాం. 2015 నాటి 6500టీ మూల వేగం 2.5, 2018 నాటి 8500టీది 2.1 మాత్రమే. కాగితం మీద కొత్తది వెనకబడినట్టే ఉంటుంది. నిజానికి దానిలో ఆరు కోర్లున్నాయి, అదే 35 వాట్లను ఆరుగురికి పంచాలి కాబట్టి మూల వేగం దిగింది. ఒక్క కోరుకే పని పడితే అది 3.5 దాకా పోతుంది. పాత ప్రాసెసర్ బలహీనపడి చచ్చిపోవడం అరుదు. చుట్టూ తలుపులు మూసుకుపోయి మూలకు చేరుతుంది. మొదటి తలుపు వీడియో. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9 పద్ధతిలో పంపుతుంది. దాన్ని విప్పే ప్రత్యేకమైన భాగం నాలుగో జనరేషన్‌లో లేదు, కోర్లే మోయాలి. ఆరోదానిలో సగం సగం ఉంది. 2017 నాటి ఏడో జనరేషన్, అంటే 7500టీ, పూర్తిగా చేస్తుంది, 10 బిట్ల హెచ్‌ఈవీసీని కూడా. బల్ల మీద 4కే పాట ఒకటి పెట్టి చూస్తే 4590టీ ఫ్యాన్ గదంతా వినిపించింది, 7500టీ దగ్గర పాటే వినిపించింది. ఆరుకూ ఏడుకూ మధ్య వేగంలో తేడా 0.2 గిగాహెర్ట్జ్, అది కంటికి కనపడదు. ఈ తేడా మాత్రం చెవికి కూడా తెలిసింది.

రెండో తలుపు విండోస్. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అధికారికంగా ఒప్పుకునేది ఎనిమిదో జనరేషన్ నుంచే. 7500టీ, 8500టీ మధ్య ఉన్నది ఏడాది పైచిలుకు వయసు తేడా, కానీ ఆ గీత సరిగ్గా వాటి మధ్య నుంచి పోయింది. దొడ్డిదారిన ఎక్కించవచ్చు కదా అంటారు. ఎక్కుతుంది, అక్కడ ఎక్కించి ఇస్తున్నారు కూడా. రేపు పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చి మొండికేస్తే జవాబు చెప్పేవాళ్లుండరు, ఇంట్లో ఒక్క యంత్రమైతే భరించవచ్చు, ఆఫీసుకు ఇరవై కొంటే కుదరదు. లైనక్స్ వేసుకోవచ్చుగా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. బ్రౌజర్‌తో, యూనికోడ్ తెలుగుతో గడిచిపోయేవాళ్ల విషయంలో దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, వాళ్లకు 6500టీ ఇంకా చాలాకాలం నడుస్తుంది. కానీ మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు నేటికీ అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో శుభలేఖలు కొడుతున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి ఆరు కోర్లు అక్కర్లేదు, ఒక్క కోరు చురుగ్గా ఉంటే చాలు, కానీ విండోస్ మాత్రం కావాలి. శుభలేఖ కొట్టడానికి 8500టీ కొనాల్సి రావడం విడ్డూరమే. అక్కడ కొంటున్నది వేగాన్ని కాదు, ఆ తలుపు తాళంచెవిని.

కొత్త ఎన్100 ఉండగా ఈ పాత గోలంతా ఎందుకన్నది ఇంకో ప్రశ్న. 2023లో వచ్చిన ఆ చిప్పు వేడి లెక్క 6 వాట్లు, బలంలో 6500టీ, 7500టీల వరసలో నిలబడుతుంది, వాటిలో దేనికీ లేని ఏవీ1 వీడియో సౌకర్యం కూడా ఉంది. రాత్రింబవళ్లు నడిచే పనికి, అంటే సీసీ కెమెరాల రికార్డింగ్‌కో, ఇంటి ఫైళ్ల సర్వర్‌కో, నేను దానికే ఓటేస్తాను. 24 గంటలూ నడిస్తే 10 వాట్ల తేడా ఏడాదికి 87 యూనిట్లు దాటుతుంది, అప్పుడు వాట్ల మాటకు అర్థముంది. పగటి డెస్క్‌టాప్‌కు అంత తేలిగ్గా ఒప్పుకోను. ఎన్100కు ర్యామ్ దారి ఒక్కటే. కంపెనీల లాట్లలో వచ్చిన పెట్టెల్లో ర్యామ్‌కు రెండు గాళ్లు ఉంటాయి, ఆరో జనరేషన్ నుంచి సాధారణంగా ఎం.2 చోటు కూడా ఉంటుంది, విడిభాగం పాడైతే అదే వరసలో నాలుగు దుకాణాల్లో దొరుకుతుంది. ఏఎండీ రైజెన్ 5 2400జీఈ ఉన్న టైనీ దొరికితే గ్రాఫిక్స్‌లో ఈ ఇంటెల్‌లన్నిటికన్నా మెరుగు, కాకపోతే దుకాణంలో ఆరోజు ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆరోది కొని, తర్వాత ఎనిమిదోది తెచ్చి అందులో బిగించుకుంటామనేవాళ్లు కూడా ఉన్నారు. అదెందుకు కుదరదో టెక్నీషియన్ రెండు బోర్డులు పక్కపక్కన పెట్టి, ఫోన్ టార్చ్ వేసి చూపించాడు. రెండు సాకెట్లలోనూ వెంట్రుకల్లాంటి పిన్నులు, లెక్కపెడితే ఇందులోనూ 1151, అందులోనూ 1151. కంటికి తేడా తెలియదు. ఆరు, ఏడు ఒకదాని బోర్డులో ఒకటి కూర్చుంటాయి, ఏడోదానికి బయాస్ కొత్తది వేసుకుంటే సరి. ఎనిమిదోది దిగుతుంది, మూత పడుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. లోపల పిన్నుల్లో కరెంటు పంచుకున్న తీరు మార్చేశారు. టార్చ్ వెలుగులోనే ఓ మూల పిన్ను ఒకటి వంగినట్టు కనపడింది. అతను మాట ఆపేసి, సన్నటి పట్టకారు తీసి దాని మీదికి వంగాడు.